సినిమాకు పోయిన మా రేగడి

మొన్న ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఆ సినిమా మళ్లీ వచ్చింది. మోతీనగర్‌లో మా ఫ్లాట్ హాల్లో అన్నాలు తిని ఎవరి మూలన వాళ్లం కునుకుతున్నాం. హీరో చేనులోకి దిగి, మోకాళ్ల మీద కూర్చుని, దోసిలి నిండా నల్లటి మట్టి ఎత్తి కళ్లకద్దుకున్నాడు. వెనక జొన్నచేను పచ్చగా ఊగుతోంది. మా అమ్మాయి ఫోను పక్కన పెట్టి మరీ చూసి, “ఎంత మంచి మట్టి మమ్మీ, నల్లగా, మెత్తగా!” అంది. నాకు నవ్వు రావాల్సింది, కోపం వచ్చింది. ఆ దోసిట్లో ఉన్నది మట్టి కాదు, కొబ్బరిపొట్టు. నలుపు కోసం అందులో హోటల్ వాళ్లు వాడి పారేసిన చాయ్‌పత్తా కలిపారు. వెనక ఊగే పచ్చదనంలో సగం రంగే. ఆ రోజు నేను అక్కడే, లైట్ల స్టాండు పక్కన నిలబడి ఉన్నాను. ఆ పైర్ల కింద పరిచిన నల్లరేగడి మాత్రం నిజమైనదే. అది మా చేనిది. దాని గురించి ఇంట్లో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే చెబితే మా నాయిన గురించి చెప్పాలి.

అప్పుడు మేం ఫిల్మ్ నగర్ వాలులో, బండల మధ్య రేకుల ఇంట్లో ఉండేవాళ్లం. ఇంటి ముందున్న జాగాలో నర్సరీ. మాదాపూర్ వైపు అద్దాల బిల్డింగులు లేస్తున్న రోజులవి. కొత్తగా డబ్బొచ్చిన వాళ్లు జూబ్లీహిల్స్‌లో బండలు పేల్చి ఇళ్లు కట్టుకుని, ఆ బండ మీదే పచ్చిక కావాలనేవాళ్లు. బండ మీద పచ్చిక ఎట్లా వస్తుంది? ఎక్కడినుంచో మట్టి తెచ్చి పరవాలి. ఆ పని మా నాయిన చేసేవాడు. బంగళాలకు లాన్‌లు, స్టూడియోలకు సెట్టు మీద కావలసిన చెట్లు, తీగలు, అరటి గెలలు, అన్నీ మా నర్సరీ నుంచే పోయేవి. తెల్లారేసరికి బోరబండ బర్రెల కొట్టాల నుంచి పేడ బండి వచ్చేది. పేడ, వేపపిండి, తడిసిన కొబ్బరిపొట్టు, ఈ మూడు వాసనలు కలిసిందే మా ఇంటి వాసన. నేను డిగ్రీ అయిపోయి అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుకు పోయేదాన్ని. ఎంత సబ్బు రుద్దుకున్నా, ఏసీ గదిలో కూర్చున్న కాసేపటికి నా చున్నీ నుంచి పేడ వాసన లేచేది. పక్కపిల్ల కుర్చీ జరుపుకునేది. నేనూ మొండిదాన్నే, నా కుర్చీ ఆమె వైపు ఇంకాస్త జరిపేదాన్ని.

నాయినకు రెండు నాలుకలుండేవి. ఇంట్లో “ఏందే, గిట్ల పెట్టినవేంది” అనే మనిషి, గేటు దగ్గర సినిమా వాళ్ల కారు ఆగగానే “రండి సార్, కూర్చోండి, కాఫీ తాగుతారా?” అనేవాడు. కోస్తా మాట అంత బాగా పట్టుకున్నాడని ప్రొడక్షన్ వాళ్లు మెచ్చుకుంటే మురిసిపోయేవాడు. మా నాయినను కన్న తల్లిని మేమంతా అవ్వ అనే పిలిచేవాళ్లం. ఆమె మాత్రం ఫిల్మ్ నగర్‌లో ఉన్నన్నాళ్లూ ఊరి మాట ఒక్కటీ మార్చలేదు, ఊరి అలవాటూ మార్చలేదు. కూరగాయల తొక్కలు, పొయ్యి బూడిద, చీపురుకు దొరికిన ఆకు, దేన్నీ బయట పారేయనిచ్చేది కాదు. అన్నీ పెరటి గుంతలోకే. వారానికోసారి రేగడి మన్ను నానబెట్టి తల రుద్దుకునేది. ఊరి నుంచి ఎవరొచ్చినా ఆమె అడిగేది అదొక్కటే, చేను మన్ను గడ్డ. కొన్నేళ్లుగా మాత్రం ఆ గడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని, మొహం చిట్లించి పక్కన పెట్టేయడం మొదలుపెట్టింది. మేం ముసలితనం అనుకున్నాం.

ఆ చేను వికారాబాద్ పోయే దారిలో ఉన్న మా ఊళ్లో. నల్లరేగడి. అవ్వ కాపురానికి వచ్చిన నాటి నుంచి, తాత పోయే దాకా, జొన్న, మధ్యలో కంది సాళ్లు, మరుసటి ఏడు పెసర, శనగ, ఇట్లా మార్చి మార్చి వేసేవాళ్లు. కంది ఆకు రాలి చేనులోనే కలిసిపోయేది. పంట తీశాక గొల్లవాళ్లను పిలిచి రాత్రిళ్లు చేనులో గొర్రెల మంద కట్టించేవాళ్లు, ఆ పెంటికలే ఎరువు. ఎండాకాలంలో ఎండిన చెరువులోంచి ఒండ్రు మట్టి బండ్ల మీద తోలి చేనంతా చల్లేవాళ్లు. తాత పోయాక నాయిన పట్నం వచ్చేశాడు. చేను కౌలుకిచ్చాడు. మొదట తీసుకున్నది ఎల్లయ్య. మా ఊరివాడే, నాయిన కన్నా కొంచెం పెద్ద. వచ్చిన ఎండాకాలమే తన ఎడ్లతో చెరువు మట్టి తోలాడు. ఎవరూ తోలమనలేదు. రెండో ఉగాదికి కౌలు మాటలు మాట్లాడుకునేటప్పుడు, “పటేలా, అయిదేండ్లకు ఇయ్యి. మన్ను తోలిన, దాని బలం ఇప్పుడిప్పుడే పైకొస్తది” అని అడిగాడు. అంతే, నాయిన భయపడిపోయాడు.

ఎందుకో చెప్పాలి. నాయిన మేనమామ భూమిని చాలా ఏళ్లు ఒకే మనిషి కౌలుకు చేశాడు. చేసి చేసి, చట్టం ప్రకారం తీసేయడానికి వీల్లేని రక్షిత కౌలుదారుగా కాగితాల్లోకి ఎక్కాడు. కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి ఆ మేనమామ భూమి లేకుండానే పోయాడు. చిన్నప్పుడు ఆయన మా ఇంటి అరుగు మీద తల పట్టుకుని కూర్చోవడం నాయిన చూశాడు. ఆ భయం ఒంట్లో దిగిపోయింది. అందుకే మా నాయిన ఒక నియమం పెట్టుకున్నాడు. ప్రతి ఉగాదికి కౌలుదారుణ్ణి మార్చాలి. ఏ మనిషి కాళ్లూ ఆ చేనులో కుదురుకోవద్దు. ఎల్లయ్యను తీసేశాడు. ఆ తర్వాత ఏటా ఒకడు. అందరూ వేసింది పత్తి. తొందరగా చేతికి డబ్బొచ్చేది అదే. ఒక్క ఏడాదికి వచ్చినవాడు చెరువు మట్టి ఎందుకు తోలుతాడు? ఆ బలం తెలిసేసరికి చేను ఇంకొకడి చేతిలో ఉంటుంది. మంద ఎందుకు కట్టిస్తాడు? యూరియా బస్తాలు చల్లాడు, పత్తి ఏరుకున్నాడు, చివరికి పత్తికట్టె కూడా పీకి పొయ్యిలోకి తీసుకుపోయాడు. చేనులోంచి పోయేదే తప్ప వచ్చేది లేదు. వాళ్లనేం అనలేం. నాయినకు మాత్రం ఏటా కౌలు అందేది, పట్టా తన పేరునే ఉండేది. చేను భద్రంగా ఉందనుకున్నాడు.

అలాంటి రోజుల్లో ప్రసాదరావు గారు అనే ప్రొడక్షన్ మేనేజర్ మా గేటు ముందు కారు దిగాడు. పెద్ద హీరో సినిమా. స్టూడియో ఆవరణలో ఆరుబయట పల్లెటూరి సెట్టు వేస్తున్నారు. “బాల్‌రెడ్డి గారూ, డైరెక్టర్ గారికి క్లోజప్పులో నల్లమట్టి కావాలండీ. జొన్నచేను మోకాలెత్తు రావాలి. హీరో గారి డేట్లు మళ్లీ దొరకవు. ఆ రోజుకి చేను లేకపోతే నా ఉద్యోగం ఉండదు, తర్వాత ఈ ఫిల్మ్ నగర్‌లో మీకు పనీ ఉండదు. ఆలోచించి చెప్పండి” అన్నాడు. ఆలోచించడం ఎక్కడిది? నాయిన ఛాతీ పొంగించి, “మట్టి గురించి మీరు దిగులు పడకండి సార్. మా సొంత చేనుది తెస్తాను. గింజ పడితే చాలండీ, మొలిచేస్తుంది” అన్నాడు. కారు వెళ్లాక అవ్వ గడప మీద నుంచే అడిగింది. “గా చేన్ల నువ్వు కాలు పెట్టి ఎన్నేండ్లయిందిరా?” నాయిన అప్పటికే లారీలు మాట్లాడడానికి బయల్దేరాడు.

చేను ఒక మూల పైమట్టి గీకి లారీలకెత్తారు. మొదటి లారీ వచ్చినప్పుడు ఒక గడ్డ తెచ్చి అవ్వ చేతిలో పెట్టాను. ఆమె దాన్ని నలిపి చూసింది. నలగలేదు. నీళ్లు చిలకరించి ముక్కు దగ్గర పెట్టుకుంది. “వాసనే లేదురా దీంట్ల,” అంది నాయినతో. “నల్లగనైతే ఉన్నది. గంతే.” నాయినకు చిర్రెత్తింది. “నీకు పడిశం పట్టింది, అందుకే వాసన తెలుస్తలేదు” అని లారీ ఎక్కి స్టూడియోకు వెళ్లిపోయాడు.

గింజలు వేశారు. సెట్టు మీద వేయగా మిగిలిన జొన్నలు అవ్వ మా నర్సరీ పక్కన, జూబ్లీహిల్స్ ఎర్రటి మొరం నేలలో, బర్రె పేడ కలిపిన మడిలో చల్లింది. ఊరికే పారేయడం ఎందుకని చల్లింది తప్ప, ఎవరికీ పాఠం చెబుదామని కాదు. వారం తిరిగేసరికి నాకు భయం పట్టుకుంది. రోజూ అమీర్‌పేట నుంచి బస్సు దిగి స్టూడియో గేటు దాకా పోయి చూసేదాన్ని. సెట్టు చేనులో నీళ్లు పెడితే ఇంకకుండా పైనే నిలిచేవి. ఎండకు పైన అట్టలా గట్టి పొర కట్టేది. మొలక ఆ పొరను చీల్చుకుని రాలేక చాలావరకు లోపలే ముడుచుకుపోయింది. వచ్చినవి పాలిపోయి, కామెర్లు పట్టిన పిల్లల్లా నిలబడ్డాయి. ఇంటికొస్తే, గుప్పెడు తీస్తే సగం గులకరాళ్లుండే మొరంలో, అవ్వ చల్లిన జొన్న ముదురాకుపచ్చగా నా పిక్కలు దాటింది. ఆ మడి పక్క నుంచి నడవాల్సి వస్తే నాయిన అటు మొహం తిప్పి చూసేవాడు కాదు. నాకు ఆయన మీద జాలేసేది, కోపమూ వచ్చేది.

ప్రసాదరావు గారు పొద్దున్నే రావడం మొదలుపెట్టాడు. మొదట కాఫీ తాగేవాడు, తర్వాత కారు దిగేవాడు కాదు, అద్దం దించి మాట్లాడేవాడు. “ఏంటండీ బాల్‌రెడ్డి గారూ, పచ్చగా రావాలన్నాం కానీ పసుప్పచ్చగా రావాలన్నామా?” నాయిన యూరియా బస్తా విప్పించాడు. ఎక్కువే చల్లించాడు, భయంలో చేతికి లెక్క ఉండదు. ఆకుల కొసలు మాడిపోయాయి. ఆ రోజు నాయిన అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు, ముద్ద నోట్లోకి పోలేదు. అమ్మ గిన్నె పట్టుకుని నిలబడి, “ఇంకొంచెం చారు పొయ్యనా?” అంది, ఏం మాట్లాడాలో తెలియక. అవ్వ గోడకానుకుని ఉంది. ఆమె అరవలేదు, మెల్లగా అంది. “మంద కట్టలే. మన్ను తోలలే. కంది పెట్టలే. గిన్నేండ్ల సంది తీసుడే గని పెట్టుడు లేదు. అది మాత్రం ఏడికెళ్లి తెచ్చి ఇస్తదిరా?” నాయిన విస్తరాకు తోసేసి లేచాడు. “నేను నా భూమిని కాపాడుకున్న. మామ లెక్క పోగొట్టుకోలే!” అని అరిచాడు. ఆ అరుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

షూటింగ్ రోజు పొద్దున్నే నేనూ వెళ్లాను. కోర్సు ఎగ్గొట్టాను. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు గోడలకు రంగు కొట్టే మిషన్లు పట్టుకుని చేనులోకి దిగారు. పాలిపోయిన జొన్న మీద ఆకుపచ్చ రంగు కొట్టారు. ఖాళీగా ఉన్నచోట్ల ఎక్కడెక్కడి నుంచో కోసుకొచ్చిన జొన్న మొక్కలు గుచ్చారు. నాయిన పక్కనే నిలబడి చూస్తున్నాడు. రంగు తుంపర ఆయన తెల్లచొక్కా మీద పడింది, తుడుచుకోలేదు. హీరో వచ్చాడు, మోకాళ్ల మీద కూర్చున్నాడు, మట్టిలో చేతులు పెట్టాడు. మట్టి లేవలేదు. రెండోసారి గట్టిగా లాగితే పెళ్లగా వచ్చింది, గోరు విరిగింది. “ఇదేం మట్టండీ బాబూ, సిమెంటా?” అన్నాడు హీరో. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. అతను మంచివాడే, కోపంగా అనలేదు. ఎవరో కొబ్బరిపొట్టు బస్తా తెచ్చారు, ఇంకెవరో చాయ్‌పత్తా తెచ్చారు. కలిపి, తడిపి, హీరో ముందు కుప్ప పోశారు. దోసిట్లోకి మెత్తగా వచ్చింది. కళ్లకద్దుకున్నాడు. డైరెక్టర్ ఓకే అన్నాడు. నేను నాయిన వైపు చూడలేకపోయాను. సొంత తల్లిని పదిమందిలో తీసిపారేసినట్టు అనిపించింది నాకు, ఆయనకు ఎట్లా ఉందో.

విచిత్రం ఏమంటే, ఆ తర్వాత ఏమీ చెడిపోలేదు. సినిమా ఆడింది. ఆ పచ్చటి చేను చూసి ఇంకా ఇద్దరు ముగ్గురు మేనేజర్లు నాయిన కోసం వచ్చారు. మా ఊరివాళ్లు థియేటర్లో చూసి, “అది బాల్‌రెడ్డి పటేల్ చేను మన్నే” అని ఈలలు వేశారట. అసలు సంగతి తెలిసింది మాకే. అప్పుడే రియల్ ఎస్టేట్ బ్రోకర్ ఒకతను వచ్చి కూర్చున్నాడు. ఐటీ అటువైపు కూడా వస్తుందని, చేను మంచి రేటు పలుకుతుందని చెప్పాడు. నాయిన ఏమనుకున్నాడో, “భూమిల బలం పోయింది భాయ్, ముందే చెప్తున్న” అన్నాడు. బ్రోకర్ పకపకా నవ్వి, “మట్టి ఎట్లుంటే ఏంది సార్? రోడ్డుకు దగ్గరున్నదా లేదా, గది చెప్పుండ్రి” అన్నాడు. నాయిన అతనికి చాయ్ తాగించి పంపేశాడు. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని ఊరి బస్సెక్కాడు.

ఎల్లయ్య ఇంటి ముందు ఎద్దుకు గాటిలో మేత వేస్తున్నాడు. మమ్మల్ని చూసి మంచం వాల్చాడు. నాయిన కూర్చోలేదు.

“చేను నువ్వే చెయ్యాలె ఎల్లన్నా.”

“చేస్త. మళ్ల ఉగాదికి ఇడువమంటవ్ గద.”

“అనను. పదేండ్లకు కాగితం రాసిస్త.”

ఎల్లయ్య చేతులు దులుపుకున్నాడు. “నాడు నేను అయిదేండ్లు అడిగితే మళ్ల నా మొఖం చూడలే నువ్వు.”

“భయమైంది ఎల్లన్నా. నీ పేరు మీదికి పోతదని.”

“నాకు గూడ భయమైంది పటేలా. గా చేను ఎవని చేతుల పడ్తదో అని.” ఆ మాటకు నాయిన మంచం మీద కూలబడ్డాడు. ఎల్లయ్యే చెంబుతో నీళ్లిచ్చాడు. “గాని మొదట రెండేండ్లు కౌలు అడగొద్దు,” అన్నాడు. “ముందుగాల దానికి తిండి పెట్టాలె. మనకు తర్వాత.”

మొదటి ఏడు ఎల్లయ్య జనుము చల్లి, పూతకొచ్చిన పైరును అట్లాగే దున్ని మట్టిలో కలిపేశాడు. పచ్చటి పంటను నాగలి కిందికి తొక్కుతుంటే చూడలేక నాయిన బస్టాండులో కూర్చున్నాడట. తర్వాత మంద, తర్వాత చెరువు మట్టి, తర్వాత కంది. మాకు అప్పుడు అర్థమైంది, ఏళ్ల తరబడి పీల్చేసినది ఒకటి రెండు వానలకు తిరిగి రాదు. చెడిపోవడానికి పట్టిన కాలం కన్నా బాగుపడడానికి ఎక్కువ పట్టింది. అవ్వ అది చూడకుండానే పోయింది. నాకు మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చింది, అద్దాల బిల్డింగు, పొద్దంతా ఏసీ. ఒకనాడు మీటింగులో ఉండగా నాయిన ఫోను. ఎవరికో ఏదో అయిందని గాబరాగా కారిడార్లోకి పరిగెత్తాను. “బిడ్డా, చేన్ల ఎర్రలు కనవడ్డయ్! వాన పడ్డది, గడ్డ తిప్పితే ఎర్రలు!” అన్నాడు. వానపాముల కోసం ఫోను చేసిన తండ్రి ఆ బిల్డింగులో ఇంకెవరికీ ఉండి ఉండడు. గోడ వైపు తిరిగి ఏడ్చేశాను. తిరిగి లోపలికి వెళ్తే, “ఎవ్రీథింగ్ ఓకే?” అని అడిగారు. ఓకే అన్నాను.

ఇప్పుడు నాయిన లేడు, ఎల్లయ్య లేడు. చేను నా పేరు మీద ఉంది. ఎల్లయ్య కోడలు లక్ష్మి చేస్తోంది, మామ చేసినట్టే చేస్తోంది. చుట్టూ అన్నీ ప్లాట్లయ్యాయి, పక్క చేనులో విల్లాలకు గోడ లేచింది. వారానికొక బ్రోకర్ ఫోను చేస్తాడు. ఒక్కోసారి ఎత్తి, రేటు మాత్రం విని పెట్టేస్తాను. వినడంలో తప్పేముంది అనుకుంటాను. మొన్న ఉగాదికి ఊరికి పోయినప్పుడు లక్ష్మి చేను గట్టు మీద నాకు బూరెలు పెట్టింది. కాళ్ల కింద నేల మెత్తగా దిగుతోంది, చెప్పులు చేతిలో పట్టుకుని నడిచాను. తిన్నాక ఆమె అడిగింది. “కాగితం గడువు ఐపోయింది అక్కా. ఈసారి ఎన్నేండ్లకు రాస్తవ్?”

పదేళ్లకు అనాలి. ఇదంతా చూసినదాన్ని, వెనకాడాల్సిన పని లేదు. కానీ పక్క చేనులో లేచిన గోడ కనిపిస్తోంది, పొద్దున విన్న రేటు చెవిలో ఉంది, పదేళ్లు అంటే చేతులు కట్టేసుకున్నట్టే. “ఈ ఒక్క ఏడాదికి రాద్దాం లక్ష్మీ, తర్వాత సంగతి తర్వాత చూద్దాం” అన్నాను.

లక్ష్మి కోపం తెచ్చుకోలేదు. గిన్నెలు సర్దుకుంటూ నా వైపు చూడకుండానే చెప్పింది.

“అట్లనే అక్కా. అయితే కంది ఎందుకు, ఈసారి పత్తి పెడ్త.”